యూనిఫాం ఏళ్లు, ఓట్ల ఏళ్లు: ఒక పోలీసు అధిపతి కెరీర్ రాసుకునే పద్ధతి

అన్నానగర్‌లో మా ఇంటి హాల్లో ఆదివారం పొద్దున సివిల్స్‌కు చదువుకునే మన పిల్లలు ఏడెనిమిది మంది కూర్చుంటారు. నెల్లూరు, గూడూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో గదులు తీసుకుని చదువుకుంటున్నవాళ్లే ఎక్కువ. ఒకమ్మాయి మాత్రం సూళ్లూరుపేట నుంచి రైల్లో సెంట్రల్‌కు వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి వస్తుంది. పోయిన నెల తనే అడిగింది: "మేడమ్, పోలీసాఫీసర్లు రాజకీయాల్లోకి రావడం మంచిదేనా అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?"

అభిప్రాయం తర్వాత, ముందు ఒక్క మనిషి కెరీర్ పూర్తిగా రాసుకు రమ్మన్నాను. ఫిలిప్పీన్స్ పోలీసు అధిపతిగా చేసి సెనేటర్ అయిన పాన్‌ఫిలో లాక్సన్‌ను ఇచ్చాను. మన వాళ్లెవరినైనా ఇస్తే ఇంట్లో టీవీ ముందు విన్న మాటలే కాగితం మీదికి వస్తాయి. దూరపు మనిషైతే ప్రతి వాక్యానికీ వెతుక్కోవాల్సిందే.

ముందు ఒక చార్ట్ తీసుకుని నిలువునా గీత కొట్టండి. ఎడమవైపు యూనిఫాం ఏళ్లు, నీలం పెన్నుతో. కుడివైపు ఓట్ల ఏళ్లు, ఎర్ర పెన్నుతో. గీత కొట్టగానే మొదటి వాక్యం రాయబోకండి. ఆ పదవి ఏమిటో తేల్చుకోండి. మా పిల్లల్లో ముగ్గురు "అంటే మన డీజీపీ లాంటిదే కదా" అన్నారు. కాదు. మనకు దేశం మొత్తానికి ఒకే పోలీసు అధిపతి లేరు. రాజ్యాంగం పోలీసు శాఖను రాష్ట్రాల జాబితాలో పెట్టింది కాబట్టి ఏ రాష్ట్రం డీజీపీ ఆ రాష్ట్రానికే. ఫిలిప్పీన్స్‌లో దేశమంతటికీ ఒకటే దళం, ఫిలిప్పీన్ నేషనల్ పోలీస్. కాన్‌స్టాబ్యులరీ అనే పాత సైనిక తరహా పోలీసు దళాన్ని, పట్టణ పోలీసులను కలిపి 1991లో ఏర్పాటు చేశారు. అధిపతిని నియమించేది అధ్యక్షుడు. ఈ ఒక్క మాట పట్టుకుంటే కుడివైపు గడి సగం అర్థమైపోతుంది, ఎందుకో కింద చెబుతాను.

ఈ తేడా నోటితో చెబితే ఎక్కడం లేదని అందరినీ ఎగ్మోర్ పాంథియన్ రోడ్డుకు తీసుకెళ్లాను. అక్కడ పాత కమిషనర్ ఆఫీసు భవనమే ఇప్పుడు పోలీసు మ్యూజియం. పాత యూనిఫాంల ముందు నిలబెట్టి, నగరానికి కమిషనర్, రాష్ట్రానికి డీజీపీ, ఢిల్లీలో సీబీఐ డైరెక్టర్, ఎవరి పరిధి ఎంతో చెప్పించాను. అటునుంచి అటే అదే రోడ్డులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాం.

ఇక ఎడమవైపు. పుట్టింది 1948లో, కవీటే ప్రాంతంలోని ఇముస్‌లో. ఫిలిప్పీన్ మిలిటరీ అకాడమీ 1971 బ్యాచ్. పుట్టుకకు, చదువుకు రెండు లైన్లు చాలు. 1998లో ఎస్ట్రాడా అధ్యక్షుడయ్యాక వ్యవస్థీకృత నేరాల మీద వేసిన టాస్క్‌ఫోర్స్ అధిపతి, 1999 నవంబరులో మొత్తం దళానికే అధిపతి. ఇక్కడ ఆగండి. "సమర్థుడైన అధికారి" అని రాసి ముందుకు పోవద్దు, ఏం చేశారో రాయండి. రోడ్ల మీద జీప్నీ (మన షేర్ ఆటోలాంటి పెద్ద బండి), లారీ డ్రైవర్ల దగ్గర పోలీసులు చేసే వసూళ్లను అక్కడ కోటాంగ్ అంటారు. దాని మీద ఆయన గట్టిగా పడ్డారు. పోలీసుల నడుము 34 అంగుళాలు దాటకూడదని పట్టుబట్టారు. సూళ్లూరుపేట అమ్మాయి ఈ 34ను చార్టు మీద గుండ్రంగా చుట్టింది. వాళ్ల నాన్న హెడ్ కానిస్టేబుల్, ఆ అంకె తనకు వెంటనే ఎక్కింది. చదివేవాళ్లకు గుర్తుండేవీ ఇలాంటి వివరాలే.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన భాగం, కేసులు. నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఆరోపణ, కోర్టు తీర్పు ఒకే పేరాలో ఉండాలి. ఈ నియమం ఊరికే రాలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక సావనీర్‌కు మా ఊరి రిటైర్డ్ పోలీసాయన గురించి వ్యాసం రాశాను. ఆయన మీద కేసు పెట్టారని రాశాను, కోర్టు కొట్టేసిన సంగతి కనుక్కోలేదు. వాళ్లమ్మాయి తీర్పు జిరాక్సు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. ఏమీ అనలేదు, కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కాబట్టి ఇలా రాయించాను. 1995 మే 18న కురాటోంగ్ బలేలెంగ్ ముఠావాళ్లని చెప్పిన 11 మంది క్వెజోన్ సిటీలో పోలీసుల చేతిలో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు అన్నారు, పట్టుకుని కాల్చారని ఆరోపణ వచ్చింది. లాక్సన్ మీదా కేసు నడిచింది. 2003లో కింది కోర్టు కొట్టేసింది, 2012లో సుప్రీం కోర్టు దాన్నే ఖాయం చేసింది. రెండోది 2000లో జరిగిన ప్రచార నిపుణుడు డాసెర్, ఆయన డ్రైవర్ కోర్బిటో హత్యల కేసు. ఇందులో 2010 జనవరిలో, సెనేటర్‌గా ఉండగానే, ఆయన దేశం వదిలి అజ్ఞాతంలోకి వెళ్లారు. 2011 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు వారెంట్‌ను రద్దు చేసింది, మార్చిలో తిరిగొచ్చారు. అజ్ఞాతం మాట దాచకూడదు, కోర్టు మాటా దాచకూడదు. పోయిన ఆ 11 మంది ప్రాణాలను కూడా కోర్టు తీర్పు చాటున మరుగున పడేయకూడదు.

రెండు గడుల మధ్య గీత దగ్గర తేదీలు దగ్గర దగ్గరగా రాయండి. 2001 జనవరిలో ఎస్ట్రాడా గద్దె దిగారు, లాక్సన్ పదవీ పోయింది. అదే ఏడాది మేలో సెనేట్ ఎన్నికలు, గెలిచారు. మధ్యలో నాలుగు నెలలే. ఇది ఎలా సాధ్యమైందని అడగాలి. సెనేట్ అనగానే మన రాజ్యసభ అనుకుంటే జవాబు దొరకదు. అక్కడ 24 మంది సెనేటర్లు, మూడేళ్లకోసారి 12 మందిని జనమే నేరుగా ఎన్నుకుంటారు. నియోజకవర్గాలు లేవు, దేశమంతా ఒకటే. ఒక్కో ఓటరు 12 పేర్ల దాకా వేయొచ్చు. రోజూ వార్తల్లో కనిపించే జాతీయ పోలీసు అధిపతికి ఊరూరా కార్యకర్తలు లేకపోయినా పేరు ఉంటుంది, ఆ పేరే పనిచేస్తుంది. 2016లో అధిపతి అయిన రొనాల్డ్ డెలా రోసా కూడా 2019లో ఇదే దారిలో సెనేట్‌కు వెళ్లారు.

మన దగ్గర లెక్క వేరు. కర్ణాటక కేడర్‌లో చేసి, బెంగళూరు సౌత్ డీసీపీగా ఉండగా 2019లో రాజీనామా చేసిన అన్నామలై తమిళనాడులో బీజేపీలో చేరి, 2021లో అరవకురిచ్చిలో ఓడిపోయారు. ఆ తర్వాత పార్టీ రాష్ట్ర అధ్యక్షుడయ్యారు, అయినా 2024లో కోయంబత్తూరులో ఓడిపోయారు. ఒక్క నియోజకవర్గంలో గెలవాలంటే ప్రతి బూత్‌లోనూ మనిషి కావాలి. ఇంకొకటి, మన సర్వీసు నిబంధనల ప్రకారం ఐపీఎస్ అధికారి ఉద్యోగంలో ఉండగా పార్టీ సభ్యుడు కాకూడదు. రాజీనామా తేదీ, పార్టీలో చేరిన తేదీ రెండూ వేయడం అందుకే. ఇంటర్వ్యూలో అభిప్రాయం అడిగితే ఈ రెండు తేదీల మధ్య దూరం గురించి మాట్లాడమని పిల్లలకు చెప్పాను.

కుడివైపు మిగతాది త్వరగా రాసేయొచ్చు. 2004లో అధ్యక్ష పదవికి పోటీ, మూడో స్థానం. సెనేటర్‌గా తన వంతు పోర్క్ బారెల్ నిధులు, అంటే సభ్యులు తమకు నచ్చిన పనులకు ఇప్పించుకునే ప్రభుత్వ డబ్బు, తీసుకోలేదు. 2013 నవంబరు తుపాను తర్వాత పునర్నిర్మాణ బాధ్యతలు. 2016లో మళ్లీ సెనేట్. 2020 ఉగ్రవాద వ్యతిరేక చట్టాన్ని ముందుండి నడిపింది ఆయనే, దానిని తప్పుపట్టినవాళ్లు సుప్రీం కోర్టుకు వెళ్లారన్నదీ పక్కనే వేయండి. 2022లో అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ, ఐదో స్థానం. 2025లో తిరిగి సెనేట్.

ఈ చివరి లైను మాత్రం ఎర్ర పెన్నుతో వద్దు, పెన్సిల్‌తో రాయండి. ఆయన ఇంకా పదవిలోనే ఉన్నారు, కింద నాలుగు వేళ్ల జాగా వదిలి చార్టు చుట్టి పెట్టుకోండి.