కటానియా బెనెడిక్టైన్ మఠాన్ని చూడబోయేవారికి

సిసిలీ ద్వీపంలో, ఎట్నా అగ్నిపర్వతానికి దిగువనున్న కటానియా నగరంలో, శాన్ నికొలో లారేనా అనే పెద్ద బెనెడిక్టైన్ (సెయింట్ బెనెడిక్ట్ నియమాలను పాటించే క్రైస్తవ సన్యాసుల) మఠం ఉంది. 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన వాల్ ది నోతో ప్రాంతపు బరోక్ (అలంకారాలు నిండిన పాత ఐరోపా నిర్మాణ శైలి) పట్టణాలలో కటానియా ఒకటి. సన్యాసులు నివసించిన ఈ భవనంలో ఇప్పుడు కటానియా విశ్వవిద్యాలయపు మానవీయ శాస్త్రాల విభాగం నడుస్తోంది. కనుక ఇక్కడికి వెళ్ళేవారు ఒక కళాశాలకు అతిథులుగా వెళుతున్నామని గుర్తుంచుకోవాలి. తరగతి గదుల ముందు గొంతు తగ్గించాలి, అడగకుండా విద్యార్థులను ఫొటో తీయకూడదు.

ఇటలీలో విశ్వవిద్యాలయ పరీక్షలు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనూ, మళ్ళీ జూన్, జూలై నెలల్లోనూ జరుగుతాయి. ఆగస్టు నడిమధ్యన దేశమంతా సెలవుల్లో ఉంటుంది. పాఠాలు సాగుతుండగా ఈ చోటును చూడాలనుకుంటే అక్టోబరు, నవంబరు లేదా ఏప్రిల్, మే నెలలను ఎంచుకోవడం మేలు.

నగరం నడిబొడ్డున, నల్లని లావారాతి ఏనుగు విగ్రహం ఉన్న దువోమో కూడలి నుంచి నడిచే వెళ్ళవచ్చు. వరుసగా చర్చిలున్న క్రోచిఫెరి వీధి మీదుగా వెళ్ళి, ఎడమకు తిరిగి కొంచెం ఎత్తు ఎక్కితే దాంతే కూడలి, అక్కడే మఠం కనిపిస్తాయి.

లోపల సొంతంగా తిరగడం కన్నా గైడుతో సాగే సందర్శనకు టికెట్ తీసుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పాత వంటశాల, దాని అడుగుభాగం వంటివి వివరించే మనిషి పక్కన లేకపోతే వట్టి రాతిగోడలుగానే కనిపిస్తాయి. చాలామంది నేరుగా 1794 నాటి పాలరాతి మహాసోపానం దగ్గరకు వెళ్ళి, ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. అది అందమైనదే, కానీ ఈ భవనం ఇలా ఎందుకు ఉందో తెలియాలంటే ముందు లావాను చూడాలి. మఠానికి పునాది వేసింది 1558లో. 1669లో ఎట్నా బద్దలైనప్పుడు లావా నగరం దాకా పారి వచ్చి, మఠం గోడలను చుట్టుకుని, చర్చిని ధ్వంసం చేసి, అక్కడే గడ్డకట్టింది. 1693 జనవరి 11న వచ్చిన భూకంపం మిగిలినదాన్ని చాలావరకు కూల్చేసింది. 1702లో పునర్నిర్మాణం మొదలుపెట్టిన సన్యాసులు ఆ రాతి మేటను తొలగించకుండా దాని మీదే వంటశాలనూ తోటలనూ కట్టుకున్నారు. అందుకే మెట్లెక్కి పై అంతస్తుకు చేరాక కూడా మళ్ళీ నేల మీదకే, నవశిష్యుల తోటలోకి, అడుగుపెడతాము. ఈ ఒక్క అనుభవం కోసమైనా అంత దూరం వెళ్ళవచ్చు.

రెండు ప్రాంగణాలూ చూడండి. పడమటి దానిలో పాలరాతి ఫౌంటెన్, తూర్పు దానిలో మధ్యయుగ ఐరోపా నాటి గోతిక్ తీరును అనుకరించిన చిన్న మండపం ఉన్నాయి. సన్యాసుల భోజనశాల ఇప్పుడు సభామందిరం కాబట్టి ఏదైనా సభ ఉన్న రోజున అందులోకి వెళ్ళడం కుదరకపోవచ్చు.

1866లో ప్రభుత్వం మఠాన్ని స్వాధీనం చేసుకున్న తరువాత ఇందులో సైనికులున్నారు, పాఠశాలలు నడిచాయి, విలువైన గదులెన్నో దెబ్బతిన్నాయి. 1977లో పురపాలక సంఘం దీనిని విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 1980ల నుంచి వాస్తుశిల్పి జాన్‌కార్లో దె కార్లో మార్గదర్శకత్వంలో జరిగిన మరమ్మతులను శ్రద్ధగా గమనించండి: ఏది పాతదో, ఏది ఆయన చేర్చినదో దాచిపెట్టకుండా కట్టించడంలోనే ఆ పని గొప్పతనం ఉంది. మన పాత కోటలనూ దివాణాలనూ వాడుకలోకి తేవాలని కోరుకునేవారు తప్పక చూడవలసిన పని ఇది.

చర్చికి దాంతే కూడలి వైపు నుంచి వేరే ద్వారం ఉంది. దాని ముఖభాగం నేటికీ అసంపూర్ణంగానే మిగిలింది. లోపలి నేల మీద 1841లో అమర్చిన మధ్యాహ్నరేఖను (సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ కిరణం పడేలా గీసిన గీతను) చూడాలంటే ఎండ కాసే రోజున, చర్చి తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి. ఇటలీ గడియారాల సమయానికి ఆధారమైన 15 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదే కటానియా దాదాపుగా ఉన్నందున శీతాకాలంలో గడియారం పన్నెండు చూపే ప్రాంతంలోనూ, గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి నెలల్లో ఒంటిగంట ప్రాంతంలోనూ సూర్యకిరణం ఆ రేఖను దాటుతుంది. పావుగంట అటూఇటూ కావచ్చు కాబట్టి ఇరవై నిమిషాలు ముందే వెళ్ళి నిలబడండి.