చేతుల సంరక్షణ – నాలుగవ పాఠం: బొటనవేలి మొదటి కీలు, బంతి తెచ్చిన చిక్కు

ఈ నెల మణికట్టు గురించి చెప్తానని మూడవ పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాటను వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠంలో నేను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన బంతి వ్యాయామం వల్ల, బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ ఈ పాఠాలు చదువుతున్నవారిలో పలువురికి బొటనవేలి నొప్పి తగ్గకపోగా పెరిగింది. "మెత్తటి బంతిని రోజూ చేత్తో నొక్కుతూ ఉండండి" అని రాశానే తప్ప, ఎంత మెత్తన, ఎన్నిసార్లు, ఏ వేళ్ళతో అన్నది రాయలేదు. ముప్పై ఏళ్ళు ఫిజియోథెరపీ పని చేసిన నాకు అది చెప్పనక్కరలేని సంగతిగా తోచింది. చదివేవారికి అలా తోచదని గ్రహించకపోవడం నా పొరపాటు.

పర్లాకిమిడిలో ఉంటున్న ఒక రిటైర్డ్ మాస్టారు, మనవడు క్రికెట్ ఆడుకునే గట్టి రబ్బరు బంతిని తీసుకుని, టీవీలో వార్తలు చూస్తున్నంతసేపూ రెండు చేతులతో రెండేసి వందల సార్లు నొక్కారు. బరంపురంలో ఇంట్లోనే అప్పడాలు ఒత్తి అమ్మే ఒక ఆమె మెత్తటి బంతినే కొన్నారు గాని, నాలుగు వేళ్ళను వదిలేసి బొటనవేలి కొనతో బంతి గుంట పడేదాకా పొడిచారు. "నొప్పి వస్తోందంటే లోపల పట్టేసినది వదులుతోందనుకున్నాను పిన్నీ, అందుకే ఆపలేదు" అని ఆమె ఫోనులో చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఆమె ఒక్కరే కాదు, ఫోను చేసిన ప్రతివారూ ఇంచుమించు ఇదే మాట చెప్పారు. అందుకే ఈ పాఠమంతా ఆ మాట గురించే.

ముందుగా నొప్పి చోటు తెలుసుకోవాలి. బొటనవేలి గోరు నుంచి కిందికి వస్తూ, మొదటి కణుపు దాటి, రెండవ కణుపు కూడా దాటి, మణికట్టుకు కాస్త ముందు ఎముక ఉబ్బెత్తుగా తగిలే చోట రెండవ చేతి వేలితో నొక్కండి. నేను మొదటి కీలు అంటున్నది బొటనవేలు మొదలయ్యే ఆ చోట ఉన్న కీలునే. అక్కడ సలుపు పుట్టినా, మూత తిప్పినప్పుడు, తాళం తీసినప్పుడు సరిగ్గా అక్కడే పోటు వచ్చినా, ఈ పాఠం మీకోసమే. కొందరికి ఆ చోట ఎముక పక్కకు తోసుకొచ్చి, చేతి అంచు గుండ్రదనం పోయి మెట్టులా కనిపిస్తుంది. స్త్రీలలో, అందులోనూ ముట్లుడిగిన తరువాత, ఇది ఎక్కువగా వస్తుంది. మన వైపు దీన్ని కూడా కలిపి అన్నింటినీ వాతమే అంటాము, ఇరుగుపొరుగు ఒడియా వారు గంఠిబాత అంటారు, కాని పేరు ఒక్కటైనంత మాత్రాన చేయవలసిన పని ఒక్కటి కాదు.

ఈ కీలు రెండు గుర్రపు జీనులను ఒకదానిమీద ఒకటి అడ్డంగా బోర్లించినట్టు ఉంటుంది. అందువల్లనే బొటనవేలు ముందుకు, వెనక్కు, పక్కకు తిరుగుతూ మిగిలిన నాలుగు వేళ్ళకూ ఎదురు నిలబడగలుగుతుంది. అంత స్వేచ్ఛ ఉన్న కీలుకు స్థిరత్వం తక్కువ. వయసుతో ఎముకల కొనలను కప్పి ఉండే మెత్తటి మృదులాస్థి అరిగి, కీలును కట్టి ఉంచే స్నాయువులు సడలినప్పుడు, మనం వేలి కొన మీద పెట్టే ప్రతి బలమూ ఇక్కడికి వచ్చేసరికి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో 1977లో కూనీ, చావో అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. బొటనవేలి కొనను చూపుడువేలి కొనకు ఆన్చి 1 కిలో బలంతో చిటికె పడితే, గోటి దగ్గరి కణుపు మీద సుమారు 3 కిలోల ఒత్తిడి, దాని తరువాతి కణుపు మీద 5 కిలోలకు పైగా, మొదటి కీలు మీద 12 కిలోల ఒత్తిడి పడుతుంది. పిడికిలి బలంగా బిగిస్తే అదే కీలు మీద ఒత్తిడి 120 కిలోల వరకు పోగలదు. గట్టి రబ్బరు బంతిని రెండు వందల సార్లు నొక్కిన మాస్టారు తన కీలుకు ఏమి చేశారో ఈ అంకెలతో పోల్చుకుని చూడండి.

ఇక్కడే నేను కొంచెం ఎక్కువసేపు నిలబడవలసి ఉంది, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఈ ఒక్క అపోహ పాడు చేసినన్ని చేతులను మరేదీ పాడు చేయడం నేను చూడలేదు. నొప్పిని నొప్పితోనే తీయాలన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. మెడ పట్టేసిన వాడి మెడ విరుస్తాము, వేలు వాచిన వాడి వేలు పట్టుకుని లాగుతాము, నూనె రాసి కేక పెట్టేదాకా రుద్దుతాము, మరునాడు ఇంకా వాస్తే "చెడంతా బయటికి వస్తోంది" అని సరిపెట్టుకుంటాము. కండరం పని చేసి అలసినప్పుడు వచ్చే నొప్పి వేరు, అరిగిన కీలు నలిగినప్పుడు వచ్చే నొప్పి వేరు. మొదటిది కండ ఉన్న చోట, అంటే అరచేతి దిండులోనో ముంజేతిలోనో, బరువుగా తెలిసి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. రెండవది ఎముకల సందులో పోటుగానో మంటగానో ఉంటుంది, పని ఆపాక కూడా సలుపుతుంది, ఒక్కోసారి రాత్రి నిద్ర లేపుతుంది. వ్యాయామం ముగిసిన 2 గంటల తరువాత కూడా చెయ్యి మామూలు కంటే ఎక్కువ నొప్పిగా ఉంటే ఆ రోజు చేసినది ఎక్కువైందని అర్థం. మరునాడు సగమే చేయాలి, అప్పటికీ అలాగే ఉంటే మానేయాలి. ఈ 2 గంటల నియమాన్ని ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించుకోండి. పోయిన పాఠంలో రాయవలసిన మొదటి వాక్యం ఇదే.

కాబట్టి బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవారు బంతిని పక్కన పెట్టేయండి. మిగిలిన వేళ్ళ కణుపులు మాత్రమే బిగుసుకుపోయినవారు స్పంజి బంతితో, బొటనవేలిని వదులుగా బయట ఉంచి, పొద్దున గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి తీశాక పదిసార్లు మెల్లగా నొక్కితే చాలు. మధుమేహం ఉన్నవారు, తిమ్మిరి ఉన్నవారు నీళ్ళ వేడిని మోచేతితో చూసిన తరువాతే చేతులు ముంచాలి.

ఇప్పుడు చిన్ముద్ర పట్టండి. బొటనవేలి కొన, చూపుడువేలి కొన కలిసి గాజులా గుండ్రంగా వచ్చిందా, లేక బొటనవేలి నడిమి కణుపు లోపలికి కుంగి, పై కణుపు మడతపడి, గుండ్రం వంకరపోయిందా చూడండి. కుంగినవారికి ప్రతి చిటికెలోనూ మొదటి కీలు ఎముక పక్కకు జారుతుంటుంది. వీరు బలం పెంచుకునే ముందు ఆకారం నేర్చుకోవాలి. ఏమీ పట్టుకోకుండా, అద్దం ముందుకాని కిటికీ వెలుతురులోకాని కూర్చుని, వేలు ఎక్కడా కుంగకుండా ఆ గుండ్రం చేయడం, వదలడం. అంతే. ఇది వ్యాయామమేనా అని అడుగుతారని తెలుసు. నా బొటనవేలికే ఈ నొప్పి మొదలైనప్పుడు మొదటి రెండు వారాలు ఇది తప్ప నేనేమీ చేయలేదు.

ఆకారం కుదిరాక బలం పెంచవలసినది బొటనవేలికి, చూపుడువేలికి మధ్య చేతి వెనక ఉన్న కండకు. అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి, బొటనవేలిని వదులుగా ఉంచి, చూపుడువేలిని బొటనవేలి వైపుకు పక్కగా జరపబోండి. రెండవ చేతి వేలు అడ్డుపెట్టి దాన్ని కదలనివ్వకండి. ఆ సందులో కండ బిగుసుకుని లేవడం కంటికి కనిపిస్తుంది. 5 అంకెలు లెక్కపెట్టి వదలండి. పూటకు పదిసార్లు. ఆ కండ బలపడితే బొటనవేలి ఎముకను దాని గూటిలో నిలిపి ఉంచడానికి తోడ్పడుతుంది. బంతికి బదులు నేను ఇవ్వదలచినది ఈ ఒక్క వ్యాయామమే.

కాని వ్యాయామం రోజుకు పది నిమిషాలు, చేతిపని పది గంటలు. బరంపురం పట్టు నేసే మగ్గం మీద తెగిన పోగులు అతికేవారు, పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేస్తూ ఆకురాయి పట్టేవారు, ఇంట్లో పూలు కట్టేవారు, కరివేపాకు దూసేవారు రోజంతా చిటికె పట్టులోనే ఉంటారు. చిటికెను అరచేతికి మార్చడం, సన్నదాన్ని లావు చేయడం, ఒక చేతి పనిని రెండు చేతులకు పంచడం అన్న మూడు మార్పులు ఇక్కడ పనికివస్తాయి. గరిట కాడకు, అప్పడాల కర్ర చివరలకు, ఆకురాయి పిడికి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టితే వేళ్ళు అంతగా మూసుకోనక్కరలేదు. జాడీ మూతను వేళ్ళతో గిల్లినట్టు పట్టుకోక, తడిగుడ్డ వేసి అరచేతిని దాని మీద ఆన్చి, భుజంతో తిప్పండి. గిన్నె అంచును రెండు వేళ్ళతో పట్టి ఎత్తక, రెండు అరచేతులు అడుగున పెట్టి ఎత్తండి. సంచి ముంజేతికి తగిలించుకోండి. తడిసిన పంచెను రెండు చేతులా మెలిపెట్టి పిండకండి. కుళాయికి చుట్టి, రెండు కొనలూ కలిపి పట్టుకుని తిప్పండి. సెల్‌ఫోనును అరచేతిలో ఉంచి రెండవ చేతి చూపుడువేలితో రాయండి. కూరగాయలు తరగడానికి నాకు చాకు కంటే కత్తిపీటే మేలనిపిస్తుంది, ఎందుకంటే పిడి పట్టే పని ఉండదు, రెండు చేతులతో కాయను ముందుకు తోయడమే. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు మాత్రం పీట మీద కూర్చోలేరు కనుక, వారు లావు పిడి ఉన్న చాకు కొనుక్కోవాలి.

బొటనవేలిని పట్టి ఉంచే స్ప్లింటు వాడాలా అని అడిగినవారికి, తప్పక వాడమనే చెప్తాను. చేతి కీళ్ళ అరుగుదల గురించి ఐరోపా కీళ్ళవ్యాధుల వైద్యుల సంఘం 2018లో సవరించిన సూచనలలో కూడా, బొటనవేలి మొదటి కీలు నొప్పికి స్ప్లింటును వాడమని, అదీ చాలాకాలం వాడమని ఉంది. బొటనవేలిని పట్టకుండా మణికట్టును మాత్రమే చుట్టే పట్టీ ఈ నొప్పికి పనికిరాదు. మందుల విషయంలో అవే సూచనలు మాత్రల కంటే ముందు పైపూత మందును, ముఖ్యంగా డైక్లోఫెనాక్ వంటి జెల్‌ను, ప్రయత్నించమంటాయి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు నొప్పి మాత్రలను దుకాణంలో అడిగి కొనుక్కుని మింగరాదు. సంతలో పొట్లాలు కట్టి అమ్మే పేరులేని వాతపు పొడులను ఎవరూ వాడవద్దు. అటువంటివాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండటం కొత్త సంగతి కాదు.

ఈ పాఠం వర్తించనివారు కొందరున్నారు. పొద్దున లేచాక గంటకు మించి చేతులు బిగుసుకుపోయి, రెండు చేతుల్లోనూ పిడికిలి కణుపులు మెత్తగా వాచి, ఆరు వారాలైనా తగ్గనివారికి అది అరుగుదల కాకపోవచ్చు. రుమటాయిడ్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేసి వాపెక్కించే జబ్బు, అయితే ఆలస్యమైన కొద్దీ కీలు పాడవుతుంది కనుక వెంటనే వైద్యుడికి చూపించుకోవాలి. జ్వరం వచ్చి తగ్గాక మణికట్లు, వేళ్ళు పట్టేసినవారికి చికున్‌గున్యా అయి ఉండవచ్చు, ఆ నొప్పులు నెలల తరబడి ఉండగలవు. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చిటికెనవేలు మాత్రం బాగుండి, చెయ్యి విదిలిస్తే హాయిగా ఉంటే అది మణికట్టులో నరం నొక్కుకోవడం. వచ్చే పాఠం దాని గురించే. నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులూ వేళ్ళూ పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలిపోయే మధుమేహ రోగులు ఆ సంగతిని తమ వైద్యుడికి తప్పక చెప్పాలి. పసిపిల్లలను చంకల కింద బొటనవేళ్ళు దూర్చి ఎత్తి ఎత్తి మణికట్టు పక్కన నొప్పి తెచ్చుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు అరచేతులు పైకి తిప్పి, బిడ్డ అడుగున చేయి వేసి ఎత్తుకోవాలి.

ఈ నెల అభ్యాసం కొంచెం కష్టమైనదే పెడుతున్నాను. ఒక రోజు ఎంచుకోండి. పొద్దున లేచినది మొదలు మధ్యాహ్న భోజనం వరకు మీరు చిటికె పట్టిన ప్రతిసారీ ఇంట్లో ఎవరినైనా, మనవరాలినైనా సరే, పలక మీద ఒక గీత గీయమనండి. మీరు గీయకూడదు, బలపం పట్టడం కూడా చిటికే. పళ్ళపొడి తీయడం, దేవుడి దగ్గర వత్తి ఎగదోయడం, రవికె హుక్కులు, మాత్రల పట్టీ చించడం, పత్రిక పేజీ తిప్పడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, అన్నీ లెక్కకు వస్తాయి. ఆ రాత్రి పలక ముందు పెట్టుకుని, ఆ పనుల్లో ఎక్కువ గీతలు పడినవాటిని నాలుగింటిని ఎంచి, వాటిని చిటికె లేకుండా చేసే పద్ధతి మీరే కనిపెట్టండి. పధ్నాలుగు రోజులు ఆ పద్ధతినే పాటించి, రోజూ పడుకునే ముందు నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసుకోండి. పదిహేనవ రోజున మళ్ళీ గీతలు గీయించండి. ఫోను చేసేటప్పుడు ఆ రెండు లెక్కలూ, పధ్నాలుగు అంకెలూ చదివి వినిపించండి. వాటిని చూసుకునే మీలో ఎవరికి ఏ స్ప్లింటు కావాలో నేను చెప్పగలను.