మందుల షాపు లైసెన్సు: ‘ఎన్‌ఆర్‌ఎక్స్’ మందులకు వేరే దరఖాస్తు పెట్టాలా?

ఫార్మసీ చదువు పూర్తిచేసి సొంతంగా మందుల షాపు పెట్టుకుంటున్న కుర్రాడు ఒకడు ఈ మధ్య నా దగ్గరికి వచ్చాడు. ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలం, నొప్పికి వాడే ట్రమడాల్ అమ్మాలంటే ‘నార్కోటిక్ లైసెన్సు’ విడిగా తీసుకోవాలని చెప్పి ఒక ఏజెంటు అప్పటికే అతని దగ్గర బయానా పుచ్చుకున్నాడు. రుజువు అడిగితే స్ట్రిప్ మీద ఎర్రగా అచ్చైన ‘ఎన్‌ఆర్‌ఎక్స్’ గుర్తు చూపించాడట. ఇదే మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను అంతకుముందూ చూశాను.

ముందు మామూలు సంగతి. చిల్లర అమ్మకానికి ఫారం 19లో దరఖాస్తు చేయాలి. వచ్చేవి రెండు లైసెన్సులు. ఫారం 21 ఇన్సులిన్, టీకాల వంటి షెడ్యూల్ సి, సి(1) మందులకు, ఫారం 20 మిగతావాటికి. షాపు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. అద్దె ఒప్పందం, షాపు నక్షా, ఫ్రిజ్ బిల్లు, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ పత్రం సిద్ధం చేసుకుంటే ఆ తర్వాత మిగిలేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ. ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దెకు ఇప్పిస్తామనే వాళ్లూ తగులుతారు. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులను ఫార్మసిస్టు స్వయంగా దగ్గరుండి ఇప్పించాలన్నది నిబంధన. సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ మనిషి లేకపోతే చిక్కుల్లో పడేది మీరే, ఏజెంటు కాదు.

ఇక అసలు తడబాటు. ఎన్‌ఆర్‌ఎక్స్ గుర్తుకు అర్థం ఆ మందు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) పరిధిలోకి కూడా వస్తుందని. డయాజిపాం, క్లోనాజిపాం, జోల్పిడెం ఇలాంటివే. ట్రమడాల్ 2018లో ఆ చట్టం జాబితాలో చేరింది. అయితే క్లోనాజిపాం తప్ప ఇవన్నీ 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1లోనూ (అమ్మకాన్ని విడి రిజిస్టరులో రాయాల్సిన చీటీ మందుల జాబితా) ఉన్నాయి. వీటిని డాక్టరు చీటీ మీద చిల్లరగా అమ్మడానికి మీ ఫారం 20 లైసెన్సే చాలు. గుర్తు చూసి కంగారు పడనక్కర లేదు.

విడి లైసెన్సు నిజంగానే అవసరమయ్యేది షెడ్యూల్ ఎక్స్ అనే మరింత కట్టడి ఉన్న జాబితాలోని మందులకు. కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్, పెంటోబార్బిటాల్ వంటివి అందులో ఉంటాయి. వాటి మీద గుర్తు ‘ఎక్స్‌ఆర్‌ఎక్స్’. ఒక్క అక్షరం తేడా. వీటికి దరఖాస్తు ఫారం 19సి, వచ్చే లైసెన్సు 20ఎఫ్. ఫారం 19లోనే ఇవీ కలిసిపోతాయనుకుంటే పొరపాటు. వాటికోసమే కేటాయించిన బీరువాలో తాళం వేసి ఉంచాలి. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా రావాలి, ఒకటి రెండేళ్లు మీ దగ్గర భద్రపరచాలి. మీ చుట్టుపక్కల డాక్టర్లు ఈ మందులు రాయకపోతే ఈ లైసెన్సు జోలికి వెళ్లకండి. చిన్న షాపులు చాలావాటికి దీని అవసరమే రాదు.

మార్ఫిన్, ఫెంటనిల్ సంగతి మాత్రం వేరు. వాటికి ఎన్‌డీపీఎస్ నిబంధనల్లో ప్రత్యేకమైన పద్ధతి ఉంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇచ్చే ఆసుపత్రులు ఆ నిబంధనల కింద గుర్తింపు తీసుకుంటాయి. ఫారం 20 చూపించి వీటిని తెప్పించుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

లైసెన్సు వచ్చాక ఖర్చు లేని పని ఒకటుంది, చాలామంది వదిలేసేదీ అదే: హెచ్1 రిజిస్టరు. చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఇచ్చిన పరిమాణం అమ్మిన వెంటనే రాయాలి. మూడేళ్లు దాచాలి. సాయంత్రం కూర్చుని గుర్తున్నంత రాస్తే స్టాకుకూ రాతకూ పొంతన కుదరదు. నిద్రమాత్రల లెక్క తప్పితే అది పొరపాటని నమ్మించడం కష్టం.

ఆ కుర్రాడికి ఒకటే చెప్పాను: ఆ ‘నార్కోటిక్ లైసెన్సు’ ఏ నంబరు ఫారంలో వస్తుందో కాగితం మీద రాసిమ్మని ఏజెంటును అడగమని. అడిగాడట. ఆ రోజు నుంచి ఏజెంటు ఫోను ఎత్తడం లేదు, బయానా కూడా తిరిగి రాలేదు.