కొత్త జావా వచ్చేలోగా - 4వ పాఠం: నంబర్ ఒక్కటే కలిస్తే చాలదు

పోయిన పాఠం తర్వాత చాలామందికి ఒకే దెబ్బ తగిలింది. సొంత కంప్యూటర్‌లో జావా 21 పెట్టుకున్నారు, ప్రోగ్రామ్ బాగా నడిచింది. సర్వర్‌లో ఇంకా జావా 8 ఉంది. అక్కడ నడపగానే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్’ అని వచ్చి, పక్కన 65, 52 అని రెండు అంకెలు కనిపించాయి. సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో ముందే చూసుకోమని నేను చెప్పి ఉండాల్సింది.

ఆ అంకెల్లోంచి 44 తీసేయండి. 65 అంటే జావా 21, 52 అంటే జావా 8. నేనెప్పుడూ పట్టిక వెతకను, ఈ తీసివేతే చేస్తాను.

ఎర్రర్ చూసి మీలో చాలామంది కంపైలర్‌కి (మన కోడ్‌ని జావా నడపగలిగే ఫైల్‌గా మార్చే ప్రోగ్రామ్) సోర్స్ 8, టార్గెట్ 8 అని ఇచ్చారు. ఆ ఎర్రర్ పోయింది, దాని బదులు ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’, అంటే పిలిచిన మెథడ్ అక్కడ లేదని వచ్చింది. అందుకే రికార్డులు, టెక్స్ట్ బ్లాకులు అనే కొత్త సదుపాయాలని వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈసారి దీని సంగతే చూద్దాం.

సోర్స్ 8 అంటే వ్యాకరణం జావా 8 నాటిది. టార్గెట్ 8 అంటే కంపైలర్ తయారుచేసే క్లాస్ ఫైల్ మీద 52 అని పడుతుంది. కానీ జావాతో పాటు వచ్చే రెడీమేడ్ క్లాసుల లైబ్రరీ మాత్రం జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 21దే. లిస్ట్‌కి ‘ఆఫ్’ జావా 9లో వచ్చింది, స్ట్రింగ్‌కి ‘ఈజ్‌బ్లాంక్’, ‘రిపీట్’ 11లో, స్ట్రీమ్‌కి ‘టూలిస్ట్’ 16లో. ఇవన్నీ ఈ ఆప్షన్లతో చక్కగా కంపైల్ అయిపోతాయి. సర్వర్‌లో ఆ లైన్ దాకా వచ్చాకే పడిపోతాయి. బూట్‌స్ట్రాప్ క్లాస్ పాత్ పెట్టలేదని, అంటే పాత లైబ్రరీ ఎక్కడుందో చెప్పలేదని కంపైలర్ హెచ్చరిస్తుంది. దయచేసి ఆ వార్నింగ్ చదవండి.

‘నేను కొత్త మెథడ్లేవీ వాడలేదే’ అంటున్నవాళ్లు బైట్లని దాచుకునే బైట్‌బఫర్ అనే క్లాస్ సంగతి చూడండి. జావా 8లో ‘ఫ్లిప్’ దాని పై క్లాసైన బఫర్‌లో ఉంది, అది బఫర్‌ని ఇస్తుంది. జావా 9లో బైట్‌బఫర్‌కి సొంత ఫ్లిప్ వచ్చింది, అది బైట్‌బఫర్‌ని ఇస్తుంది. మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కానీ క్లాస్ ఫైల్‌లో మెథడ్ పేరుతో పాటు అది ఏ టైప్ ఇస్తుందో కూడా రాసి ఉంటుంది. బైట్‌బఫర్‌ని ఇచ్చే ఫ్లిప్ కోసం జావా 8 వెతుకుతుంది, దొరకదు. ‘పొజిషన్’, ‘లిమిట్’, ‘క్లియర్’, ‘రివైండ్’ అన్నిటిదీ ఇదే కథ. ఇది మొదటిసారి కూడా కాదు. కాంకరెంట్ హాష్ మ్యాప్‌లో ‘కీసెట్’ జావా 7లో సెట్‌ని ఇచ్చేది, 8లో కీసెట్‌వ్యూ ఇచ్చింది. అప్పుడూ 8తో కంపైల్ చేసి 7 మీద నడిపినవాళ్లు ఇలాగే ఇబ్బంది పడ్డారు.

సోర్స్, టార్గెట్ రెండూ తీసేసి ‘రిలీజ్ 8’ అని ఒక్కటే ఇవ్వండి. జావా 9 నుంచి ఈ ఆప్షన్ ఉంది. పాత వెర్షన్ల లైబ్రరీలో ఏమేం ఉండేవో జేడీకే తన దగ్గర దాచుకుంటుంది, దానితోనే మీ కోడ్‌ని సరిచూస్తుంది. లిస్ట్‌కి ‘ఆఫ్’ రాస్తే అక్కడికక్కడే ఎర్రర్. ప్రాజెక్టుని బిల్డ్ చేసే మావెన్‌లో, గ్రేడిల్‌లో కూడా రిలీజ్ సెట్టింగ్ ఉంది.

నేనైతే అంతటితో ఆగను. టెస్టులన్నీ సర్వర్‌లో ఉన్న జావా మీదే నడుపుతాను. బయటినుంచి తెచ్చుకున్న జార్లలో (క్లాస్ ఫైళ్ల మూటలు) ఏదో ఒకటి జావా 17కి కంపైల్ అయి ఉంటే అక్కడ తెలిసిపోతుంది.

అభ్యాసం: ఫ్లిప్ వాడే చిన్న క్లాస్‌ని సోర్స్-టార్గెట్‌తో ఒకసారి, రిలీజ్‌తో ఒకసారి కంపైల్ చేసి, క్లాస్ ఫైల్ లోపలిది చూపించే ‘జావాపీ’తో రెండు ఫైళ్లూ విప్పి తేడా పట్టుకోండి. తర్వాత మీ ప్రాజెక్టు మొత్తాన్ని రిలీజ్ 8తో కంపైల్ చేయండి. ఎర్రర్ వచ్చిన ప్రతి మెథడ్‌నీ జావా 8లో ఉన్నవాటితో మీరే రాయండి. స్ట్రింగ్ ఖాళీయేమో చెప్పే ఈజ్‌బ్లాంక్ బదులు, చివర్ల ఖాళీలు తీసేసే ‘ట్రిమ్’ చేసి ఖాళీయేమో చూస్తే సరిపోతుందనుకోకండి. యూనికోడ్‌లో 2003 (హెక్సాలో) సంఖ్య ఉన్న ఖాళీ గుర్తుని ఈజ్‌బ్లాంక్ గుర్తిస్తుంది, ట్రిమ్ గుర్తించదు. ఆ తేడాని బయటపెట్టే టెస్ట్ కూడా రాసుకుని రండి.