ఇంగ్లండ్‌లో నెల, కౌంటీ చూసి వాతావరణం అంచనా వేసుకోవడం ఎలా

ఇంగ్లండ్ వస్తున్న మనవాళ్లు ముందుగా అడిగేది, "అక్కడ వెదర్ ఎలా ఉంటుంది?" అని. ఏ నెలలో, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) అన్నది తేలకుండా దానికి సూటిగా జవాబు చెప్పలేం. దేశం చిన్నదే కానీ పడమటి అంచుకీ తూర్పు అంచుకీ చాలా తేడా ఉంది.

ముందు మ్యాప్ తెరిచి మీ ఊరు పడమర ఉందా, తూర్పున ఉందా చూడండి. గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచి, అట్లాంటిక్ మీదుగా వస్తుంది. ఆ తేమంతా కంబ్రియా, లాంకషైర్, డెవాన్, కార్న్‌వాల్ కొండలకు తగిలి అక్కడే కురిసేస్తుంది. కంబ్రియాలోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి దాదాపు 3,500 మి.మీ. వాన పడితే, ఎసెక్స్ తీరంలో 500 చిల్లర మాత్రమే. మాంచెస్టర్‌లో ముసురు పట్టిన రోజున పెన్నైన్ కొండలు దాటి యార్క్ వెళ్తే రోడ్లు పొడిగా ఉండటం మామూలే. లండన్‌లో ఏడాది మొత్తం పడేది 600 మి.మీ. దగ్గర, అంటే హైదరాబాద్ కంటే తక్కువే. కాకపోతే అది రోజుకి కాస్త చొప్పున ఏడాది పొడుగునా పడుతుంది, అందుకే ఎప్పుడూ వానే అనిపిస్తుంది.

సెప్టెంబర్‌లో దిగే స్టూడెంట్లకు మొదటి వారాలు హాయిగానే ఉంటాయి, సముద్రం ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి. అక్టోబర్ నుంచి జనవరి దాకా అసలు జాగ్రత్త కావాలి. తుపాన్లకు పేర్లు పెట్టే కొత్త జాబితా సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది. 2015 డిసెంబర్‌లో డెస్మండ్ తుపాను వచ్చినప్పుడు కంబ్రియాలోని హానిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మి.మీ. పడింది, కార్లైల్ మునిగింది. సోమర్సెట్‌లో వరద తీరు వేరు. అక్కడి లెవెల్స్ సముద్రమట్టానికి దాదాపు సమానంగా ఉండే పల్లపు నేల, నీళ్లు నెమ్మదిగా వచ్చి వారాల తరబడి కదలవు. 2013-14 చలికాలంలో మచెల్నీ అనే పల్లె చుట్టూ నీళ్లు నిలిచి ద్వీపమైపోయింది. కాబట్టి ఇల్లు అద్దెకి తీసుకునే ముందు, డిపాజిట్ కట్టకముందే, ప్రభుత్వ సైట్‌లో ఆ పోస్ట్‌కోడ్ కొట్టి వరద ముప్పు ఎంతో చూసుకోండి. ఇది మాత్రం దయచేసి వదిలేయొద్దు.

చలికాలంలో ఇంటి లోపలి సంగతి కూడా ఉంది. డిసెంబర్‌లో లండన్‌లోనే నాలుగు కాకముందే చీకటి పడుతుంది, నార్తంబర్లాండ్‌లో ఇంకా ముందే. బట్టలు బయట ఆరవు, అందరూ గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద వేస్తారు, తెల్లారేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు ధారలు కట్టి ఉంటాయి. ఆ తడి ఫ్రేమ్ మూలల్లో, బీరువా వెనక గోడకి నల్ల బూజుగా మారుతుంది. పొద్దున్నే గుడ్డతో అద్దం తుడవండి, ఎంత చలిగా ఉన్నా పది నిమిషాలు కిటికీ తెరవండి, వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ చేయండి.

ఫిబ్రవరి, మార్చిలో గాలి తూర్పుకు తిరిగితే లెక్క మారిపోతుంది. అప్పుడు చలి యూరప్ వైపు నుంచి వస్తుంది, కెంట్ నుంచి నార్తంబర్లాండ్ దాకా తూర్పు తీరం ముందుగా మంచు చూస్తుంది. 2018లో 'బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్' అని పేరుపడ్డ గడ్డకట్టే చలి అలా వచ్చిందే.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు నాకు చాలా ఇష్టమైన కాలం, అమ్మానాన్నల్ని పిలిపించుకోవాలంటే ఇదే సరైన సమయం. అయితే తూర్పు తీరంలో ఒక తిరకాసు ఉంది. మే నెలలో యార్క్‌లో ఎండ కాస్తోందని టీషర్ట్ వేసుకుని విట్‌బీ బీచ్‌కి వెళ్తే, అక్కడ సముద్రం మీంచి తెల్లటి పొగమంచు కమ్ముకొచ్చి రేవు గోడ కూడా కనిపించకపోవచ్చు, జాకెట్ లేకపోతే వణుకే. దీన్ని 'సీ ఫ్రెట్' అంటారు. సముద్రపు నీళ్లు ఇంకా చల్లగా ఉండగా దాని మీదుగా వెచ్చటి తేమగాలి రావడమే కారణం. గాలి తూర్పు నుంచి ఉంటే ఆ రోజుకి లోపలి ఊళ్లకో, పడమటి తీరానికో వెళ్లండి. పెరట్లో గోంగూర, మిర్చి, టమాటా వేసేవాళ్లు దక్షిణాన మే చివరి దాకా, ఉత్తరాన జూన్ మొదలయ్యే దాకా నారు బయట నాటకండి, ఒక్క రాత్రి మంచుకి మాడిపోతుంది.

జూలై, ఆగస్టుల్లో వేడి తూర్పు కౌంటీల్లోనే ఎక్కువ. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, దేశంలో ఇప్పటిదాకా అదే రికార్డు. మనకి 40 కొత్త కాదు కానీ ఇక్కడి ఇళ్లు వేడి బయటకు పోకుండా కట్టినవి, సీలింగ్ ఫ్యాన్లు ఉండవు. జూన్‌లోనే ఒక టేబుల్ ఫ్యాన్ కొనిపెట్టుకోండి, పగలు కర్టెన్లు వేసి రాత్రి కిటికీలు తెరవండి. ఇక కార్న్‌వాల్ లోయ పల్లెల్లో సెలవులకి దిగితే ఉరుముల వాన హెచ్చరికను తేలిగ్గా తీసుకోవద్దు, 2004 ఆగస్టు 16న బాస్‌కాసిల్‌ని వరద ముంచెత్తింది కొన్ని గంటల వానకే.

మెట్ ఆఫీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) హెచ్చరికలు చూసేటప్పుడు రంగు ఒక్కటే చూసి వదిలేయకండి. ఎల్లో అంటే చిన్న ఇబ్బంది జరిగే అవకాశం ఎక్కువని కావచ్చు, పెద్ద ప్రమాదం జరిగే అవకాశం కొంచెమే ఉందని కూడా కావచ్చు. హెచ్చరిక లోపల చిన్న గళ్ల పట్టీలో టిక్ ఎక్కడ పడిందో చూస్తే ఏదన్నది తెలిసిపోతుంది.