తరగతి తలుపుకు పిల్లల చేతుల క్రిస్మస్ చెట్టు

పిల్లలు తమ చేతుల్ని చార్టు మీద గీసి కత్తిరిస్తే, ఆ కాగితం చేతుల్ని వరసలుగా అంటించి చేసే చెట్టు ఇది. క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్ రోజుల్లో చాలా బడుల్లో టీచరు స్టూలెక్కి అలంకరణను తలుపుకు అంటిస్తుంటే, పిల్లలు కింద నిలబడి టేపు ముక్కలు అందిస్తుంటారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తలుపు పైసగం అందదు మరి. అందుకే పనంతా నేల మీదే జరగాలి, పూర్తయ్యాకే బొమ్మ తలుపెక్కాలి. ఇక్కడి కొలతలు 30 మంది పిల్లలకు, మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న తలుపుకు సరిపోతాయి.

ముందు తలుపు తెరిచి చూడండి. క్లాసు జరిగేటప్పుడు ఏ వైపు కనబడుతుందో ఆ వైపే అలంకరించాలి. వరండాలోకి తెరుచుకుని గోడకు ఆనే తలుపైతే బయటి వైపు అంటించినదంతా రోజూ నలిగిపోతుంది. రెండు రెక్కల తలుపైతే చెట్టు ఒక రెక్క మీదే ఉండాలి.

22 × 28 అంగుళాల చార్టులు తెచ్చుకోండి: లేత పసుపువి నాలుగు, లేత ఆకుపచ్చవి రెండు, ముదురు ఆకుపచ్చది ఒకటి, గోధుమరంగుది ఒకటి. ఆకుపచ్చ ఒకే రంగైతే దూరానికి వేళ్ళు విడివిడిగా కనబడవు. వెనక పసుపుకు బదులు ముదురు నీలం వేస్తే రాత్రి ఆకాశంలా ఉంటుందనిపిస్తుంది గానీ, వరండా నీడలో చెట్టు అందులో కలిసిపోతుంది.

పసుపు చార్టులను అడ్డంగా పరిచి, మూడేసి అంగుళాలు ఒకదానిమీదొకటి వచ్చేలా వెనకనుంచి టేపు వేయండి. 79 అంగుళాల పొడవు వస్తుంది. తలుపుకు ఇరువైపులా నాలుగేసి అంగుళాలు మిగులుతాయి కాబట్టి గడియకు, బందులకు అడ్డం రాదు. కింద నాలుగంగుళాలు ఖాళీగా వదలాలి. గది తుడిచే తడిగుడ్డ తగిలేది అక్కడే.

ఒక్కో ఆకుపచ్చ చార్టును 5 × 5½ అంగుళాల ముక్కలు కోస్తే 20 వస్తాయి, మూడింటికీ కలిపి 60. ప్రతి బిడ్డకూ రెండు. వేళ్ళు మరీ చాచకుండా చెయ్యి పెట్టి గీయమనండి, గీతకు కాస్త బయటగా కత్తిరించమనండి. గీత మీదే కోస్తే చిటికెనవేలు సన్నబడి తెగుతుంది. తెగినా పారేయొద్దు, వెనక చిన్న టేపు ముక్క చాలు.

పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. చెట్టులో వేళ్ళు కిందికి ఉంటాయి, పై వరస వేళ్ళు కింది వరస మణికట్టును కప్పేస్తాయి. అరచేతి మధ్యలో రాసిన పేరు సగం కనబడదు, కనబడిందీ తలకిందులుగా ఉంటుంది. కాబట్టి వేళ్ళు తమవైపు ఉండేలా కాగితం తిప్పుకుని, వేళ్ళ మొదట్లో రాయించాలి. ఎవరి పేరు వాళ్ళే స్కెచ్ పెన్నుతో రాయాలి. అక్షరాలు వంకరగా ఉన్నా టీచరు దిద్దకూడదు.

అంటించడం కింది వరసతో మొదలవ్వాలి. కిందనుంచి పైకి ఒక్కో వరసలో చేతులు ఇన్ని: 8, 8, 7, 7, 6, 6, 5, 4, 3, 2, 1. వరసకూ వరసకూ నాలుగంగుళాల ఎడం. లేతవాటి మధ్య ముదురువి కలుపుతూ పోండి. మిగిలిన మూడు చేతుల్ని పల్చగా ఉన్నచోట దూర్చండి, ఎవరి చెయ్యీ మిగలకూడదు. గ్లూ స్టిక్ మణికట్టు దగ్గర మాత్రమే రాయాలి. ఫెవికాల్ ఎక్కువైతే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. చివర్లో వేళ్ళను పెన్సిలుకు చుట్టి వదిలితే కొమ్మల్లా లేస్తాయి.

చెట్టు సుమారు 46 అంగుళాలుంటుంది. పైన ఎనిమిదంగుళాల నక్షత్రం, కింద ఐదంగుళాల కాండం, దాని కింద 16 అంగుళాల్లో యేసు పుట్టిన పశువుల పాక. విదేశీ క్రిస్మస్ బొమ్మల్లో కనబడే ఇంటి పొయ్యిగూడు, మంచు కన్నా పాకే మన పిల్లలకు బాగా తెలుసు. వరికోతల కాలం కాబట్టి గడ్డి సులభంగా దొరుకుతుంది. గోధుమరంగు చార్టు మీద ఫెవికాల్ పూసి, గడ్డి పల్చగా పరిచి, రాత్రంతా పుస్తకాల కింద ఉంచండి. పాక పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది, ఊడే వస్తువులేవీ అక్కడ పెట్టొద్దు. మెరుపుల పొడి (గ్లిట్టర్) కళ్ళలో పడుతుంది, వాడొద్దు. సీరియల్ లైట్లు తలుపుకు అసలే వద్దు. ఇనుప తలుపైతే మరీ ప్రమాదం.

తలుపెక్కించడం ఇద్దరు పెద్దవాళ్ళ పని. పొద్దున్నే మంచుకు తలుపు చెమ్మగా ఉంటే టేపు నిలవదు. పది దాటాక పొడిగుడ్డతో తుడిచి, ముందు మాస్కింగ్ టేపు, దానిమీద డబుల్ సైడ్ టేపు వేయండి. అప్పుడు తీసేటప్పుడు రంగు పెచ్చులూడదు. పై అంచు మధ్యలో మొదట అంటించి, రెండు మూలలకు, తర్వాత కిందికి రావాలి. కిందనుంచి మొదలుపెడితే పైకి వెళ్ళేసరికి చెట్టు ఒరుగుతుంది. కొత్త సంవత్సరం సెలవుకు ముందే తీసేయండి, ఎక్కువ రోజులుంటే జిగురు గట్టిపడుతుంది.