ఒక రోజు ఆన్ అయ్యి, ఒక రోజు మొరాయించే కంప్యూటర్: తప్పు పట్టుకోవడం ఎలా?

అసలే ఆన్ కాని డెస్క్‌టాప్‌ని బాగుచేయడం తేలిక. వారంలో రెండు రోజులు మొరాయించి, మిగతా రోజులు బుద్ధిగా పనిచేసే దానితోనే చిక్కంతా. చూద్దామని కూర్చున్నప్పుడు అది చక్కగా ఆన్ అవుతుంది. కాబట్టి ఈసారి మొరాయించినప్పుడు బటన్‌ని టపటపా నొక్కకండి, ఒక్క నిమిషం చూడండి. క్యాబినెట్ ముందు లైటు వెలిగిందా? ఫ్యాన్ తిరుగుతోందా? బీప్ వచ్చిందా? తెర మీద కంపెనీ లోగో పడిందా? క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు లైటు మారుతోందా? ఏ వేళ జరిగిందో కూడా కలిపి కాగితం మీద రాసుకోండి. నాలుగైదుసార్లు రాస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫ్యాన్ కూడా కదలలేదంటే కరెంటు దారిలో వెతకాలి. స్పైక్ బస్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, యూపీఎస్ అన్నీ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి వారం రోజులు చూడండి. క్యాబినెట్ వెనక కేబుల్‌ని గట్టిగా లోపలికి నొక్కండి. తర్వాత అనుమానించాల్సింది పవర్ బటన్‌ని. క్యాబినెట్ ముందు నుంచి మదర్‌బోర్డు (లోపలి పెద్ద సర్క్యూట్ బోర్డు) మూలకు సన్నటి వైర్లు వస్తాయి. వాటిలో పవర్ స్విచ్ అని రాసున్న రెండు పిన్నుల కనెక్టర్‌ని లాగేసి, అది కూర్చున్న మదర్‌బోర్డు పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క సెకను కలపండి. ఇలా చేస్తే ప్రతిసారీ ఆన్ అవుతోందంటే దోషం బటన్‌ది. రీసెట్ బటన్ వైరుని అక్కడ తగిలించి వాడుకోవచ్చు, ఖర్చే లేదు.

ఇక ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్ భాగాలకు తగ్గ వోల్టేజీకి మార్చే ఇనప డబ్బా. ఉదయం మొదటిసారి ఆన్ కాక, నాలుగైదుసార్లు నొక్కాక లేచి, ఆ తర్వాత రోజంతా బాగా నడిచే కంప్యూటర్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే. లోపలి కెపాసిటర్లు (కరెంటుని కాసేపు నిలవ ఉంచే భాగాలు) ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు వాటి అంతర్గత నిరోధం ఇంకా పెరుగుతుంది. కాస్త వేడెక్కాక పని కానిస్తాయి. చలికాలంలో ఈ జబ్బు ముదరడానికి కారణం అదే.

మల్టీమీటర్ ఉంటే కొలిచి చూడండి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండాలి, ప్లగ్ మాత్రం పెట్టి ఉండాలి. మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్‌ని క్యాబినెట్ ఇనుముకి ఆనించి, ఎర్ర ప్రోబ్‌ని ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా వైరు పక్కనుంచి లోపలికి దించండి. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఆన్ చేశాక పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 దాకా రావచ్చు. ప్రోబ్ కొస రెండు పిన్నులకు ఒకేసారి తగలకుండా చూసుకోండి. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఈ కనెక్టరే ఉండదు. చాలా కొత్త ఎస్ఎంపీఎస్‌లలో అన్నీ నల్ల వైర్లే. అలాంటి వాటికి పిన్నుల పటం చూడకుండా ప్రోబ్ పెట్టొద్దు. కొలతలు బాగున్నంత మాత్రాన ఎస్ఎంపీఎస్ మంచిదని కాదు. మీటర్ పట్టుకోలేనంత తక్కువ సేపు వోల్టేజీ పడిపోయినా కంప్యూటర్ లేవదు. తెలిసినవాళ్ల దగ్గర ఇంకొకటి తెచ్చి వారం నడిపి చూడటమే నమ్మకమైన పరీక్ష. ఆ డబ్బా మూత మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపల 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు.

ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉంటే ర్యామ్ (మదర్‌బోర్డు స్లాట్‌లో నిలబెట్టే మెమరీ పలక) వైపు చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాని పట్టీలకు మచ్చలు పట్టడం మరీ మామూలు. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టి, క్యాబినెట్ ఇనుముని ఓసారి ముట్టుకుని మొదలుపెట్టండి. స్లాట్ చివర క్లిప్పులు తెరిచి ర్యామ్‌ని నిటారుగా పైకి తీయండి. బంగారు రంగు పట్టీల మీద నల్లటి మచ్చలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. పెన్సిల్ రబ్బరు కూడా పనిచేస్తుంది కానీ మెల్లగా రుద్దాలి, పొడి ఒక్క రవ్వ కూడా మిగలకూడదు. తిరిగి పెట్టేటప్పుడు టిక్కుమనే దాకా రెండు చివర్లా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కదాన్నీ విడిగా మూడు నాలుగు రోజులు నడపండి. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ వాడే బోర్డులు, ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల తెరే చూపిస్తాయి. పాడైందనుకుని కరెంటు తీసేయకండి.

ఆన్ అయినప్పుడల్లా గడియారం పాత తేదీకి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి. 3 వోల్టుల బిళ్ల అది, 2.7కి దిగితే పని అయిపోయినట్టే. తీసేముందు బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) వాడుతుంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, అడిగినా అడగొచ్చు.

లోగో పడ్డాక ఆగిపోతే కథ వేరు. పెన్‌డ్రైవ్‌లు, ప్రింటర్ తీసి చూడండి. రీస్టార్ట్ ఎప్పుడూ బాగానే అయ్యి, షట్‌డౌన్ చేసిన మర్నాడే విండోస్ ఇరుక్కుంటుంటే ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్‌లో విండోస్ కొంత భాగాన్ని డిస్కులో దాచి, మళ్లీ త్వరగా లేచే ఏర్పాటు) కారణం కావచ్చు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ అనే వరసలో వెళ్లి దాని టిక్కు తీసేయండి. బూట్ డివైస్ దొరకలేదనే మాట అప్పుడప్పుడు కనిపిస్తోందా? ముందు ఫొటోలు, ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే సాటా కేబుల్ (డిస్కుని మదర్‌బోర్డుకి కలిపేది) మార్చండి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది మదర్‌బోర్డు. షాపుకి తీసుకెళ్తే మీరు రాసుకున్న కాగితం కూడా ఇవ్వండి. రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, పొద్దున మొదటిసారి మీ ముందే ఆన్ చేయమని అడగండి. పగలంతా పదిసార్లు వేసి తీసి వేడెక్కిన మిషన్ అక్కడ ఎప్పుడూ బాగానే ఆన్ అవుతుంది.